బస్సు నిండా పిల్లలు

"షాక్ కొట్టినప్పుడు పక్కన ఎవరైనా ఉన్నారా, బాబాయ్?" అంది ఆస్పత్రి టెక్నీషియన్, కంప్యూటర్ తెర మీంచి కళ్లు తిప్పకుండా.

చొక్కా గుండీలు పెట్టుకుంటున్న పెద్దాయన ఒక్క క్షణం ఆగాడు.

"ఎవరైనా ఏంటమ్మా, బస్సు నిండా పిల్లలున్నారు."

ఆమె చెయ్యి కీబోర్డు మీదే ఉండిపోయింది.

"ఏ బస్సు?"

"స్కూలు బస్సు. డ్రైవర్ని కదా నేను."

గుండె పంపింగ్ బాగా తగ్గిపోయిందని ఆయనకు కాలర్ బోన్ కింద, చర్మం లోపల ఒక చిన్న మిషను అమర్చారు. గుండె అదుపు తప్పి కొట్టుకుంటే అదే లోపల్నుంచి షాక్ ఇచ్చి దారికి తెస్తుంది. బుధవారం పొద్దున అది పని చేసిందని తెర మీద స్పష్టంగా కనిపిస్తోంది. ఆ క్షణంలో మనిషికి స్పృహ తప్పవచ్చు. చేతిలో స్టీరింగ్ ఉంటే ఏమవుతుందో ఆమె ఊహించుకోదలచుకోలేదు.

"మిషను పెట్టినప్పుడే చెప్పాం కదా, ఇక బస్సు నడపకూడదని. సరేనని తలూపారు కూడా."

"ఊపాను."

"మరి?"

"ఊపి, నడుపుతున్నాను."

ఆమెకి ఒళ్లు మండింది. అయినా తమాయించుకుంది. "షాక్ ఎలా తగిలింది?"

"గుండెల మీద గుర్రం తన్నినట్టు. కళ్లు బైర్లు కమ్మాయి. అయినా బ్రేకు మీంచి కాలు తియ్యలేదమ్మా. మెల్లిగా బస్సుని పక్కకి తీసి ఆపాను. ఏమైంది తాతా, ఏమైంది తాతా అని అందరూ ఒకటే గోల. కుక్క అడ్డొచ్చిందన్నాను. ముందు సీట్లో ఒక పిల్ల కూచుంటుంది, పైపన్ను ఊడింది దానికి. కుక్క ఏ రంగు అని అడిగింది. నల్లదన్నాను. నాకు కనపడలేదే అంది. దాన్ని బుకాయించడం నా తరం కాదు."

ఆయన నవ్వాడు. ఆమె నవ్వలేకపోయింది.

"షాక్‌కి ముందు మీ గుండె వేగం అంతకంతకూ పెరుగుతూ పోయింది, బాబాయ్. కూచుని బస్సు నడిపేవాళ్లకి ఇలా పెరగదే."

"కుక్క అడ్డొచ్చిందన్నాను కదమ్మా."

"కుక్క అబద్ధమన్నారుగా ఇప్పుడే."

పెద్దాయన నీళ్లు నమిలాడు. "ట్రాఫిక్కు. గాభరా పడ్డానేమో."

ఆమె కుర్చీ ఆయన వైపు తిప్పుకుంది. "డాక్టరుగారు ఆపరేషన్లో ఉన్నారు. ఆయన వచ్చేదాకా ఆగడానికి లేదు. సాయంత్రం మీరు బస్సు తియ్యకూడదు."

"తియ్యకపోతే పిల్లలు ఇళ్లకెలా వెళ్తారు?"

"వేరే డ్రైవరు వస్తాడు."

"వేరేవాడికి ఏం తెలుసు?" మొదటిసారి ఆయన గొంతు పెరిగింది. "మలుపులు తిరిగితే వాంతి చేసుకునేవాడు ఒకడున్నాడు, వాణ్ణి కిటికీ పక్కన కూచోబెట్టాలి. కవలలిద్దర్నీ దూరందూరంగా కూచోబెట్టాలి, లేకపోతే జుట్లు పట్టుకుంటారు. చివరి స్టాపు పిల్ల రోజూ నిద్రపోతుంది, లేపి, మొహం తుడిచి దించాలి. చెబితే తెలిసేవా ఇవన్నీ?"

"ఇంట్లో ఎవరున్నారు, బాబాయ్?"

"టీవీ ఉంది."

ఆమె ఇంకేమైనా చెబుతాడేమోనని చూసింది.

"అదే మాట్లాడుతుంది, నా మాట దానికి వినపడదు," అన్నాడాయన. "తాతా అని పిలిచేది ఆ పిల్లలేనమ్మా. ఆ పిలుపు కూడా లేని రోజు నేను ఉన్నానో పోయానో నాకే అనుమానం వస్తుంది."

ఆమెకి మనసు చివుక్కుమంది. కానీ పన్ను ఊడిన ఆ పిల్ల, నిద్రపోయే ఆ చివరి స్టాపు పిల్ల కళ్ల ముందు కదిలారు.

"మీ మీద కోపం లేదు. కానీ ఆ పిల్లల్లో ఎవరికేమైనా అయితే ఇక నేను కంటినిండా నిద్రపోలేను. మీ స్కూలుకి ఫోను చేస్తున్నాను."

"వద్దమ్మా," అన్నాడు. వెంటనే గొంతు తగ్గించాడు. "నేనే మానేస్తాను. ఈ రోజే మానేస్తాను. ఫోను మాత్రం చెయ్యకు తల్లీ."

"అప్పుడూ ఇలాగే తలూపారు."

ఆయన లేచి, సంచీ భుజాన వేసుకుని, వెళ్లి బయట వరండాలో బెంచీ మీద కూచున్నాడు. అద్దం తలుపులోంచి ఆయన వీపు కనిపిస్తోంది. పక్కన కూచున్నవాళ్లు ఎవరి మాటల్లో వాళ్లున్నారు. ఆయన గోడ వైపు తిరిగి కూచున్నాడు.

ఆయన చొక్కా జేబు మీద కుట్టి ఉన్న స్కూలు పేరు ఆమెకి గుర్తుంది. నంబరు వెతికి ఫోను చేసింది. ఆఫీసు గుమాస్తా ఎత్తాడు. ఆమె పెద్దాయన పేరు చెప్పింది.

"ఆయన ఇక బస్సు నడపకూడదండీ. సాయంత్రం నుంచే వేరే డ్రైవర్ని పెట్టుకోండి. బుధవారం పొద్దున బస్సు నడుపుతుండగానే ఆయనకి గుండెలో షాక్ తగిలింది. లోపల పిల్లలున్నారు."

"ఆయనా?" గుమాస్తా తికమకపడ్డాడు. "ఆయన్ని ఆపరేషను అయినప్పుడే మాన్పించేశాం కదండీ. పోయినేడాది నుంచీ ఆ బస్సు కొత్త డ్రైవరు నడుపుతున్నాడు."

ఆమె అద్దంలోంచి ఆయన వీపు వైపు చూస్తూ ఉండిపోయింది.

"బుధవారం పొద్దున అన్నారా?" అవతల గుమాస్తా గొంతు నెమ్మదించింది. "ఆ రోజు ఎవరో ముసలాయన చెయ్యూపుకుంటూ బస్సు వెనకాల పరిగెత్తుకొచ్చి రోడ్డు మీద పడిపోయాడని మా కొత్త డ్రైవరు చెప్పాడు. ఆయన ఈయన కాదు కదా?"