ఖాళీ పెట్టె

సఖినేటిపల్లి రేవులో బయలుదేరిన పంటు వశిష్ఠ గోదావరి మధ్యకి వచ్చేసరికి, స్టాండు సరిగా వెయ్యని మోటారు సైకిలొకటి ఒరిగి క్రిస్టీనా భుజానికి తగిలింది. ఆమె గుండెలకి హత్తుకున్న చిన్న లాప్‌టాప్ జారి, పంటు అంచుకి కొట్టుకుని, గోదాట్లో పడిపోయింది.

"అమ్మా! నా థీసిస్!"

కూతురెక్కడ దూకేస్తుందోనని సలోమి ఆమె చెయ్యి గట్టిగా పట్టుకుంది. మోటారు సైకిలు పెద్దాయన ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"తప్పైపోయిందండీ. ఎంతలో ఉంటుందండీ అది?" అన్నాడు.

క్రిస్టీనా రెండు క్షణాలు నీళ్లకేసి చూసి, ఉన్నట్టుండి నవ్వేసింది. "పోతే పోయిందిలెండి బాబాయిగారూ. అది ఖాళీ పెట్టె. రాసిందంతా ఇంటర్నెట్‌లోనే ఉంటుంది. ఏ కంప్యూటర్ ముందు కూర్చున్నా తీసుకోవచ్చు."

నిజానికి పొద్దున్నించీ ఆ పెట్టెని ఆమె తిట్టని తిట్టు లేదు. పదమూడు వేలకే వచ్చిందని మురిసిపోవడమేగానీ, నెట్ లేకపోతే అది దేనికీ పనికిరాదు. రాజోలులో కాలవ తవ్వుతూ ఎవరో కేబుల్ తెంపేసి మూడు రోజులైంది. కొబ్బరి పీచు తీసే ఆడవాళ్ల దగ్గరికి ఏడాదిన్నర పాటు ఊరూరా తిరిగి రాసిన నూట నలభై పేజీలు ఈ సాయంత్రం అయిదింటిలోగా గైడుగారికి పంపాలి. లేకపోతే ఎంఫిల్ రద్దు. గడువు ఇప్పటికే రెండుసార్లు పొడిగించారు, మూడోసారి కుదరదన్నారు. అందుకే తల్లీకూతుళ్లు నరసాపురం బయలుదేరారు. ఇప్పుడు మాత్రం క్రిస్టీనాకి ఆ పెట్టె మీద ఎక్కడలేని ప్రేమా పుట్టుకొచ్చింది. మామూలు లాప్‌టాప్ అయితే ఈపాటికి నూట నలభై పేజీలూ చేపల పాలయ్యేవి.

నరసాపురంలో నెట్ సెంటర్ చేరేసరికి నాలుగున్నర.

"నెట్ వస్తోందాండీ?"

"ఆయ్, బ్రహ్మాండంగా వస్తోందండీ. కూర్చోండి," అన్నాడు ఓనరు సోమేశ్వరరావు.

తెర మీద పాస్‌వర్డ్ అడిగింది. క్రిస్టీనా వేళ్లు ఆగిపోయాయి.

ఆ అకౌంటు తెరిచి ఇచ్చింది వాళ్ల నాన్న, హెడ్మాస్టరు లాజరుగారు. లాప్‌టాప్ కొన్న రోజునే అన్నీ ఆయనే పెట్టి చేతికిచ్చాడు. ఆ తరవాత మూత తీస్తే చాలు, పేజీలు కళ్లముందుండేవి. పాస్‌వర్డ్ ఆయనకి తెలుసు, పెట్టెకి తెలుసు. ఆయన జనవరిలో పోయాడు. పెట్టె ఇందాక పోయింది.

"కంగారు పడకండమ్మా. కింద 'మర్చిపోయారా' అని ఉంది చూడండి, అది నొక్కండి," అన్నాడు సోమేశ్వరరావు.

నొక్కింది. రహస్య ప్రశ్న వచ్చింది. మీ తల్లి పేరేమిటి?

"హమ్మయ్య! దేవుడున్నాడమ్మా!" క్రిస్టీనా సలోమి అని కొట్టింది. తప్పన్నది కంప్యూటర్.

వాళ్ల ఇళ్లల్లో చర్చిలో ఒక పేరు, సర్టిఫికెట్లలో ఒక పేరు ఉండటం మామూలే. సలోమి కాగితాల మీద సత్యవతి. నాన్న హెడ్మాస్టరు కదా, రికార్డు పేరే పెట్టి ఉంటాడు. సత్యవతి అని కొట్టింది. అదీ తప్పే.

"ఇంకొక్క ఛాన్సేనండీ. అదీ తప్పైతే రేపటిదాకా తెరుచుకోదు," అన్నాడు సోమేశ్వరరావు, గడియారం చూస్తూ. నాలుగూ నలభై ఆరు.

"అమ్మా, నాన్న ఇది తెరిచినప్పుడు నువ్వు పక్కనే కూర్చున్నావుగా! ఏం కొట్టేరో గుర్తు తెచ్చుకో."

సలోమి తెరకేసి చూడలేదు. "నాకేం గుర్తుంటుందే?"

"ముద్దుపేరేమైనా ఉందా? చిన్నప్పుడు నిన్నేమని పిలిచేవారు?"

"ఇంటికి పోదాం రా తల్లీ. మళ్లీ రాసుకుందువుగాని."

"ఎక్కణ్ణించి రాయనమ్మా? వాళ్లలో సగంమంది పనులకని ఊళ్లు వదిలి పోయేరు. అన్నీ అందులో భద్రంగా ఉన్నాయి కదాని కాగితాలు కూడా పారేశాను. అయిపోయింది. నా బతుకింతే."

క్రిస్టీనా బల్ల మీద తల పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. తండ్రి పోయిన రోజున కూడా ఇంత దిక్కులేనట్టు ఏడవలేదు. సోమేశ్వరరావు ఏం చెయ్యాలో తోచక మంచినీళ్లు తెచ్చి పెట్టాడు. ఎవరూ ముట్టుకోలేదు.

నాలుగూ యాభై రెండు. సలోమి కళ్లు మూసుకుంది. పెదాలు కాసేపు కదిలాయి. ప్రార్థన చేసుకుంటోంది కాబోలు.

"చిన్నమ్మలు అని కొట్టు," అంది.

"ఏంటీ?"

"కొట్టమ్మా. టైమైపోతోంది."

క్రిస్టీనా కొట్టింది. అకౌంటు తెరుచుకుంది. నూట నలభై పేజీలూ చెక్కుచెదరకుండా ఉన్నాయి. గైడుగారికి పంపింది. రెండు నిమిషాల్లో 'అందింది' అని జవాబు కూడా వచ్చింది. సోమేశ్వరరావు చప్పట్లు కొట్టినంత పని చేశాడు.

క్రిస్టీనా తల్లిని కావలించుకుంది.

"ఎవరమ్మా ఈ చిన్నమ్మలు? మన చుట్టాల్లో ఆ పేరున్నవాళ్లే లేరు. నీ పేరు పెట్టకుండా నాన్న ఆవిడ పేరెందుకు పెట్టేరు?"

సలోమి కూతుర్ని ఇంకా గట్టిగా పట్టుకుంది.

"ఎవరూ చూడని చోటనైనా నిజం రాసుకుంటానన్నారు తల్లీ. అది అడిగింది నీ తల్లి పేరు కదా."