తప్పు చెప్పని వేళ్ళు

"మా అబ్బులు సంగతి ఈ ఏడాదైనా ఏమన్నా తెలిసిందాండీ, సాయిబు గారూ?"

ఒక రైతు మోకాలికి కోడిగుడ్డు సొన కలిపిన మినపపిండి పట్టిస్తున్న ఇమాం సాహెబు తల ఎత్తలేదు.

"లేదమ్మా."

వెంకటనరసమ్మది కొల్లేటి లంక. ఏడేళ్ళ కిందటి వరదలో ఆమె కొడుకు దోనెతో సహా కనపడకుండా పోయాడు. అప్పటినుంచి ఏటా ఒకసారి ఏలూరు వచ్చి, తంగెళ్ళమూడిలో ఈ అరుగు మీద కూర్చుని ఇదే మాట అడుగుతుంది. ఇక్కడికే ఎందుకంటే, కొల్లేట్లో తేలిన దిక్కులేని శవాలన్నీ ఇమాం సాహెబు చేతికే వస్తాయి. ఎముకలు కట్టినందుకు ఆయన ఇంతిమ్మని అడగడు. గుమ్మం పక్కన రేకు డబ్బా ఉంటుంది, ఎవరికి తోచింది వాళ్ళు వేస్తారు. అనాథ శవాలకు తెల్లగుడ్డ, గొయ్యి, హిందువులైతే కట్టెలు, అన్నీ అందులోంచే. శవానికి స్నానం చేయించేదీ ఆయనే, ఒక్కడే.

"ఆ వరదలో ఒక్క శవమే కదండీ ఒడ్డుకొచ్చింది?"

"ఒక్కటేనమ్మా. అది మా నన్నే సాహెబుది."

"అవునండీ, చెప్పారు. మొహం చేపలు తినేస్తే చెయ్యి తడిమి పోల్చారంట." ఆమె కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. "మావాడు తాటిచెట్టు మీంచి పడినా ఒంట్లో ఒక్క ఎముక విరగలేదండీ. అలాంటోడు నీళ్ళకి పోయాడంటే నేను నమ్మను."

ఇమాం సాహెబు వేళ్ళు తప్పు చెప్పవని ఊరంతటికీ నమ్మకం. పడి విరిగిన ఎముకేదో, కొడితే విరిగిన ఎముకేదో తడిమి చెప్పేస్తాడు. నన్నే సాహెబు పెళ్ళాం జమీలా బావిగట్టు మీద జారిపడ్డానంటూ రెండుసార్లు వచ్చింది. మొదటిసారి భుజం, రెండోసారి పక్కటెముకలు. ఆ రెండుసార్లూ ఆయన తడిమి చూసి ఏమీ అనకుండా కట్టు కట్టాడు. మూడోసారి నన్నే సాహెబే వచ్చాడు, ఎడమ ముంజెయ్యి విరగ్గొట్టుకుని. "లోపల గడియ పెట్టుకుందండీ, తలుపు బాదాను" అని నవ్వాడు.

ఆ నన్నే సాహెబే ఇవాళ ఇంటిముందుకు వచ్చి నిలబడ్డాడు. అలాగని అతనంటున్నాడు.

"ఇతను రంగూన్ నుంచి వచ్చాడండీ," అన్నాడు వెంట వచ్చిన మసీదు పెద్ద. "నన్నే సాహెబుని నేనేనంటున్నాడు. మాకెవరికీ పోలిక తెలియడం లేదు."

ఎలా తెలుస్తుంది? మొహం నిండా మశూచి గుంటలు. ఒక కన్ను లేదు. జుట్టు నెరిసిపోయింది.

"వరద రోజుల్లోనే ఎవరికీ చెప్పకుండా కాకినాడలో ఓడెక్కాను," అన్నాడతను. "చచ్చానని మీకెవరు చెప్పారు? నా పెళ్ళాన్ని నాకిప్పించండి."

వాకిట్లో జమీలా రెండేళ్ళ బిడ్డను చంకనెత్తుకుని నిలబడింది. పక్కన ముబారక్, తివాచీలు నేసే మనిషి. మొదటి మొగుడు పోయాడని ఇమాం సాహెబు వేళ్ళు చెప్పాయి కనుకే నాలుగేళ్ళ కిందట వాళ్ళకు నిఖా జరిగింది. మొగుడు బతికే ఉంటే ఆ నిఖా చెల్లదు. ముబారక్‌నీ ఇంటినీ వదిలి ఆమె ఈ మనిషి వెనక నడవాలి. ఆమె పెదాలు తెల్లగా పాలిపోయాయి.

"చెయ్యి కట్టింది మీరే. మీ మాటే ఆఖరు," అన్నాడు పెద్ద. "ఆనాడు పొరపాటు జరిగుంటే చెప్పేయండి. మనిషన్నాక పొరపాటు లేకుండా ఉంటుందా? కాకపోతే ఒకటి. ఇతనే నన్నే సాహెబైతే, అక్కడ మనం పూడ్చింది ఎవర్ని?"

అరుగు మీద వెంకటనరసమ్మ లేచి నిలబడింది.

ఇమాం సాహెబు చేతులు తుడుచుకున్నాడు. కళ్ళు మూసుకుని ఆ ఎడమ చెయ్యి పట్టుకున్నాడు. మణికట్టుకు నాలుగు వేళ్ళ పైన, చర్మం కింద, ఎముక అతుక్కున్న చోట ముడి తగిలింది. తన కట్టే. సందేహం లేదు. కళ్ళు తెరిచి జమీలా వైపు చూశాడు. ముసలమ్మ వైపు చూడలేకపోయాడు.

"ఇది నేను కట్టిన చెయ్యి కాదు."

"అబద్ధం!" ఆ మనిషి గొంతు చించుకున్నాడు. "ఆనాడు పొరబడ్డావు. ఇవాళ పేరు పోతుందని బొంకుతున్నావు!"

నలుగురూ అతన్ని పట్టి వీధి మలుపు దాకా తోసుకెళ్ళారు. మోకాలి రైతుకు కూడా సాహెబు వేళ్ళు ఆ చేతిమీద కాస్త ఎక్కువసేపే ఆగినట్టు అనిపించింది. పేరున్నవాళ్ళకు తప్పు ఒప్పుకోవడం ప్రాణసంకటం కాబోలు అనుకుని ఊరుకున్నాడు. జమీలా బిడ్డను రెండో చంకలోకి మార్చుకుని, అక్కడే కూలబడి వెక్కివెక్కి ఏడ్చింది.

వెంకటనరసమ్మ కొంగుముడి విప్పి, అర్ధణా డబ్బాలో వేసింది.

"ఎవరి బిడ్డ గుడ్డకో పనికొస్తుంది, ఉంచండి. మావాడు బతికే ఉన్నాడు. పైయేడు మళ్ళీ వస్తానండీ."

ఇమాం సాహెబు వీధిలోకి దిగాడు. ఆమె వీధి చివర కనుమరుగయ్యేదాకా అలాగే చూస్తూ నిలబడ్డాడు.

సాయంత్రం, ప్రతి గురువారం లాగే, నన్నే సాహెబు సమాధి దగ్గరికి వెళ్ళాడు. చచ్చినవాడి మీద ఇంత అభిమానమా అని ఊళ్ళో మెచ్చుకుంటారు. ఊదొత్తులు వెలిగించి, ఫాతిహా చదివి, వేళ్ళు మట్టిమీద ఆనించాడు. ఏటా ఒకసారి చెప్పే మాటే మళ్ళీ చెప్పాడు.

"మీ అమ్మ వచ్చి వెళ్ళింది, అబ్బులూ."