పేరు పెట్టి పిలిచే కుర్చీ

సీమంతా ఇసుక దిబ్బలైపోయాక, పక్షుల కోసం కంచె వేసి కాపాడుతున్న ఆఖరి మడుగు అది. చెక్కవంతెన మీద చక్రాల కుర్చీ కుళ్లాయప్పను తానే తిప్పుతోంది. భార్య సుంకమ్మ వెనకే నడుస్తోంది.

"కుళ్లాయప్పా, ఎడమ పక్క కొంగ. కుళ్లాయప్పా, గూడు చూశావా?"

కుర్చీ ఆడగొంతుతో పిలిచినప్పుడల్లా అతను మురిసిపోతుంటే సుంకమ్మకు ఒళ్లు మండింది. పెళ్లయి ఇన్నేళ్లయినా ఆమె మొగుణ్ణి పేరు పెట్టి పిలిచి ఎరగదు. నిన్నగాక మొన్న ఇంటికొచ్చిన కుర్చీకి మాత్రం అడ్డూ ఆపూ లేదు.

"ఏమయ్యా, ఇట్ల చూడు, బాతు పిల్లలు!"

అతనికి వినబడలేదు.

"కుళ్లాయప్పా!" అని సుంకమ్మ అరిచేసి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

అతను గిరుక్కున తిరిగాడు.

"కుళ్లాయప్పా, కుడి పక్క..." అంటోంది కుర్చీ.

"నువ్వు గమ్మునుండు," అని దాన్ని కసిరి, "ఇంగొకసారి పిలువు," అన్నాడు భార్యతో.