ఒక్క మాట చెప్తే ఏం పోయింది?

"కోసేస్తానేమో సెల్విన్?"

"ఏమో," అన్నాడు సెల్విన్, కుర్చీలో మెడ వెనక్కి వాల్చి.

సబ్బు నురగ పూసిన అతని గొంతుకు వేలెడు దూరంలో అతని భార్య నొయెమీ చేతిలోని కత్తి ఆగిపోయింది. గుమ్మం దగ్గర సంచితో నిలబడ్డ ఆమె అక్క ఇవెత్‌కి ఒళ్ళు మండింది.

"ఏమో ఏంటయ్యా? కొయ్యవులే అని ఒక్క మాట చెప్తే నోటి ముత్యాలు రాలిపోతాయా?"

లా సేబా ఊళ్ళో రేవు వీధిలోని ఆ సెలూన్ వాళ్ళ నాన్నది. ఆయన పోయాక కత్తి పట్టింది నొయెమీయే. గోడ మీది ధరల పలక కూడా ఆమే సుద్దతో రాసింది, ప్రతి అక్షరానికీ బల్లి తోకంత తోక పెట్టి. అలాంటిది నాలుగు నెలలుగా ఎవరికీ గడ్డం గియ్యలేదు. ఎవరి గొంతు దగ్గరికి కత్తి వెళ్ళినా 'కోసేస్తే?' అన్న ఆలోచన పట్టుకుని వదలదు. చీమను కూడా చంపని మనిషి. ఓసీడీ అంది డాక్టరమ్మ. మళ్ళీ కత్తి పట్టలేకపోతే సెలూన్ మూసెయ్యడమే. చెల్లెల్ని మధ్యాహ్నం బస్సుకి ఒలాంచితో ఊళ్ళోని తన ఇంటికి తీసుకుపోదామనే ఇవెత్ వచ్చింది.

"మొన్నటిదాకా రోజుకి నలభైసార్లు చెప్పేవాడివిగా, 'నువ్వు కొయ్యవు బంగారం' అని?"

"చెప్పేవాణ్ణి వదినా. నలభై ఒకటోసారి మళ్ళీ అడిగేది."

"అయితే చెప్పు! ఇప్పుడేం పురుగు కుట్టింది?"

సెల్విన్ అద్దం కుడి మూలకి చూశాడు.

"ముఖం చూసుకుని మురిసిపోవడం ఒకటి. ఆ అందానికి!"

నొయెమీ అతని మీదికి వంగింది. "ఒక్కసారి చెప్పు సెల్విన్. ఈ ఒక్కసారికే. కొయ్యనని చెప్పు."

అతను మళ్ళీ అద్దం మూలకి చూశాడు.

"ఏమో."

"నువ్వు మనిషివి కాదు, బండరాయివి!" నొయెమీ ఏడ్చేసింది.

ఇవెత్ చెల్లెలి మోచెయ్యి పట్టుకుంది. "చాల్లే, పద. బలేయాద రొట్టెలు కట్టుకొచ్చాను, బస్సులో తిందువుగాని."

"కత్తి చేతిలో ఉందక్కా. పక్కకి జరుగు."

"ఏం చేస్తావే?"

"తెలీదు. కోస్తానేమో, కొయ్యనేమో. నాన్న కుర్చీ వదిలి మాత్రం రాను."

కత్తి దిగింది. చెవి కింద గరగరమంది. ఆగింది. మళ్ళీ కదిలింది. కళ్ళు తుడుచుకోవడానికి నొయెమీకి చెయ్యి ఖాళీ లేదు. కంఠం దగ్గర చాలాసేపు పట్టింది. వీధి చివర బస్సు హారన్ కొట్టి, కొట్టి, వెళ్ళిపోయింది.

ఆఖరి నురగ తువ్వాలుకి తుడిచి ఆమె నిటారుగా నిలబడింది.

"పోయిందా ఆ పాడు ఆలోచన?" అంది ఇవెత్.

"ఎక్కడికీ పోలేదు. ఇక్కడే ఉంది. ఉండనీ, దాని పని అది చేసుకుంటుంది, నా పని నేను చేసుకుంటాను." నొయెమీ వీధిలోకి వెళ్ళి గొంతెత్తి అరిచింది. "గడ్డాలు గీస్తున్నాం! తర్వాత ఎవరు?"

సెల్విన్ లేచాడు. చొక్కా వీపుకి అతుక్కుపోయింది.

"రాతి గుండెయ్యా నీది," అంది ఇవెత్. "రేపు అడిగినా ఇంతేనా?"

"ఇంతే వదినా."

అంతసేపూ అతను ఏం చూశాడో చూద్దామని ఆమె అద్దం దగ్గరికి వెళ్ళింది. కుడి మూలన, చట్రంలో ఒక కాగితం దోపి ఉంది.

'ఎంత అడిగినా ఏమో అనాలి. ఏడ్చినా అంతే. తిట్టినా అంతే. అక్క వచ్చినా అంతే.'

"మర్చిపోకుండా రాసిపెట్టుకోవడం కూడానా!" అంటూ చింపబోయి, ఆగిపోయింది.

ప్రతి అక్షరానికీ బల్లి తోకంత తోక ఉంది.