మూడు జతల చెప్పులు

“హోటల్ల చెప్పులెవలన్న ఇడుస్తరా అక్కా? ఇజ్జత్ తీసినవ్!” గ్లోరీ పళ్లు బిగబట్టి గొణిగింది.

సేవ్లి బల్ల కింద కాళ్లు ముడుచుకుంది. గ్లోరీకి ఉద్యోగం వచ్చిందని, ఎల్లారెడ్డి నుంచి ముగ్గురూ కామారెడ్డిలో కొత్తగా తెరిచిన ఈ పెద్ద ఏసీ హోటల్‌కి దావతుకొచ్చారు. అద్దంలా మెరుస్తున్న నేలను చూసి సేవ్లి గుమ్మం బయటే చెప్పులు విడిచింది. స్నేహితురాళ్లిద్దరి చేతా విడిపించింది.

“గంత సాఫుంటె తొక్కబుద్ధి గాలే,” అంది.

“ఎవలన్న సూడకముందే పట్కరాపో,” అంది ప్రియాంక.

సేవ్లి పిల్లిలా గుమ్మం దాకా వెళ్లింది. బయట సూటు వేసుకున్న ఒకాయన బూట్లు విప్పుతూ భార్యను కసురుతున్నాడు: “అందరిడిశిండ్రు, కనిపిస్తలేదా? గట్లనే లోపలికి పోయి నా ఇజ్జత్ తీస్తవా?”

ఆయన వెనక మరో కుటుంబం అప్పటికే వంగి చెప్పులు విప్పుతోంది.

సేవ్లి ఉత్త చేతులతో తిరిగొచ్చి, కాళ్లు బారజాపి కూర్చుంది.

“చెప్పులేవక్కా?” గ్లోరీ కంగారుపడింది.

“ఉండనీ. గిప్పుడేసుకుంటే బాగుండదు.”

అంతలో బయటి నుంచి వచ్చిన మేనేజరు వినయంగా మెనూ అందించాడు. చిరిగిన సాక్సులోంచి ఆయన బొటనవేలు తొంగిచూస్తోంది.