జంగ్లీఘాట్‌కి పచ్చరంగు

“భానూ, నీ మ్యాప్ పాసైపోయింది!”

ఆఫీసు నుంచి ఫోన్లో రామ్‌ప్రసాద్ సర్ ఆ మాట అనగానే భాను వంటింట్లోనే ఒక్క గెంతు గెంతింది. కొత్త మెట్టెలు గచ్చుకి తగిలి టింగుమన్నాయి. ఆ చప్పుడు బాగుందనిపించి ఇంకోసారి గెంతింది. పెళ్లయి మూడు నెలలు. ఈమధ్య ఆమెకి కుక్కర్ కూత కూడా ముద్దుగానే వినిపిస్తోంది.

“రేపు పదింటికి మీటింగ్. అక్కడే సంతకాలు. ఈ ఏడు వరద మరమ్మతు పని ఒక్క పేటకే కాబట్టి డిగ్నాబాద్ కాలువకి ఇచ్చేస్తారు,” అన్నాడు సర్.

పోర్ట్ బ్లెయిర్‌లో వరదొస్తే ఏ పేట ఎంత తట్టుకుంటుంది, ఎన్నాళ్లకి తేరుకుంటుంది అని కంప్యూటర్ లెక్కగట్టి చూపించే మ్యాప్ అది. భాను ఆర్నెల్లుగా దానిమీదే కూర్చుంది. నిదానంగా తేరుకునే పేటకి ఎరుపు, చప్పున తేరుకునే పేటకి పచ్చ. పని ముందు ఎరుపుకే దక్కుతుంది. డిగ్నాబాద్ దానిమ్మగింజలా ఎర్రగా ఉంది. భాను మెట్టిన జంగ్లీఘాట్ మాత్రం లేతాకులా నిగనిగలాడుతోంది.

మొగుడు చిరంజీవి చేపల సంచితో లోపలికొచ్చాడు.

“బావా, నా మ్యాప్ పాస్!”

“అరె వా, మయునా!”

భాను సిగ్గుపడి నవ్వేసింది. పుట్టినూరు చౌల్దారీలో ఆమె బడి చదువంతా హిందీలోనే సాగింది. తెలుగు నోటికొచ్చు గానీ అక్షరాలు రావు. పెళ్లయ్యాకే అత్త తవిటమ్మ దగ్గర దిద్దుకోవడం మొదలుపెట్టింది. తొలి వారంలో మొగుడి పడవ మీది ‘యమున’ను ‘మయున’ అని చదివిన పుణ్యానికి ఇంట్లో ఆమెకి అదే ముద్దుపేరైంది.

“మరైతే మన మెట్లు కట్టేస్తారన్నమాట,” అన్నాడు చిరంజీవి.

“మనకి కాదు బావా. డిగ్నాబాద్‌కి.”

అతను సంచి కింద పెట్టాడు. “కిందటేడు వానకి రేవు మెట్లు ఊడిపోయి పంతొమ్మిది రోజులు పడవలు తియ్యలేదు. ఇప్పటికీ రాళ్ళ మీదనుంచే తట్టలు మోస్తున్నాం. ఇంకో వానొస్తే అవీ ఉండవు. నువ్వప్పుడు మీ చౌల్దారీలో ఉన్నావులే, నీకేం తెలుస్తది!”

“తెలీదు, నిజమే. కానీ మీవాళ్ళే రాసిచ్చారుగా!”

పేటపేటకీ పంచిన కార్డుల సంగతి అది. అన్నిచోట్లా హిందీ కార్డులే ఇచ్చారు. జంగ్లీఘాట్ పెద్దలు మాత్రం తెలుగువే కావాలన్నారు. భాను ప్రశ్నని ఫోన్లో పలికి, అది తెలుగు అక్షరాల్లో రాసిపెడితే అచ్చు వేయించింది. చిన్న కార్డు కనక ప్రశ్నా చిన్నదే: ‘నీళ్లు దిగాక బాగవ్వాల్సింది ........’ ఆ చుక్కల్లో ఎన్నాళ్లకో రాస్తారని ఆమె ఉద్దేశం. హిందీ కార్డుల్లో రెండు వారాలనీ, నెలనీ రాశారు. జంగ్లీఘాట్ కార్డులు నలభై వచ్చాయి. ఎవర్నీ అడక్కుండా తనే చదవాలని పంతం పట్టి, భాను కూడబలుక్కుంటూ చదివింది. రేపు. రెండోదాని మీదా రేపు. ముప్ఫైఏడు కార్డుల్లో అదే మాట! ఎంత గుండె ధైర్యం ఈ మనుషులకి అని ఆమెకి కళ్ళు చెమర్చాయి. ఆ ధైర్యాన్ని ఒకరోజు కింద లెక్కలో వేసింది. పేట పచ్చబడింది.

“రేపా? మునిగిన మర్నాడే బాగైపోతామా?” చిరంజీవి తల పట్టుకున్నాడు. “పొగరు! మా ముసలోళ్ళకి చెయ్యి చాపడం నామోషీ. పోనీ, నువ్వే దాన్ని ఇరవై రోజులు చేసెయ్యరాదూ?”

“వాళ్లు రాసింది నేనెలా మారుస్తాను బావా? మెట్టినిల్లు కదాని రంగు మారిస్తే ఇంక ఆ మ్యాప్‌ని ఎవరు నమ్ముతారు?”

“అదీ నిజమేలే.”

“కోపమా?”

“కోపమేటి? కత్తిపీట ఇటియ్యి.”

అతను చేపలు తోముతూ కూర్చున్నాడు. రోజూ ఈలవేసుకుంటూ తోమే మనిషి ఇవాళ పొలుసులు ఎగిరిపడేలా గీకాడు. తిట్టినా బాగుండుననిపించింది భానుకి.

ఎండుచేపలు ఎత్తి తవిటమ్మ లోపలికొచ్చింది. “ఏటర్రా, ఇద్దరూ మూతులలా ఎట్టీసారు?”

“నీ కోడలు ఫస్టు క్లాసులో పాసైందమ్మా. మన పేట ఫెయిలైపోయింది,” అన్నాడు కొడుకు.

భాను జరిగింది చెప్పింది. చెప్పి, ఆఫీసు బ్యాగులోంచి కార్డుల కట్ట తీసి అత్త ఒళ్లో పెట్టింది.

“నాకు బాధగానే ఉందత్తా. కానీ ఇవి చూసినప్పుడల్లా గర్వంగా కూడా ఉంటుంది. సగానికి పైగా నీ చేతిరాతే కదూ?”

“అవునే. రాయడం రానోళ్ళందరూ నా కాడికే వచ్చారు. ఎవుర్నడిగినా అదే రాయమన్నారు.”

తవిటమ్మ కళ్ళజోడు పెట్టుకుంది. ఒక కార్డు చూసింది, ఇంకోటి చూసింది. అయిదోదాని దగ్గర ఆగి, కోడలి మొహంకేసి తేరిపార చూసింది. చీరచెంగు నోటికడ్డం పెట్టుకుంది గానీ భుజాలు మాత్రం ఊగుతూనే ఉన్నాయి.

“మీటింగెప్పుడన్నావే?”

“రేపు పదింటికి.”

“నానూ వత్తాను. మీ సర్‌తో నాను మాటాడతాను. ఈ కార్డులన్నీ పట్టుకురా.”

“నువ్వెందుకత్తా?”

“నాను రాసింది రేపు కాదే పిల్లా, రేవు.”