గేటు వేసిన మార్కులు

ఆఫీసు గేట్లకు మనుషుల తలకట్టు చూసి మార్కులు వేయడం నేర్పిన నాటి నుంచీ హైమ తెల్లవారకముందే లేస్తోంది. ఒక చేత్తో ఉప్మా కలుపుతూ ఇంకో చేత్తో తన ఉంగరాల జుట్టుకు ఇస్త్రీ చేసుకునేది. కాకినాడ ఉక్కకు ఆ ఇస్త్రీ బస్టాపు దాకా కూడా నిలిచేది కాదు.

"నూటికి ముప్ఫై ఒకటి. దయచేసి తల దువ్వుకుని రండి," అనేది గేటు, తేనె పూసిన గొంతుతో. యాభై వస్తే గానీ తెరుచుకోదు.

పదకొండేళ్లుగా ఒక్క తప్పు లేకుండా బీమా క్లెయిములు చూస్తున్న బుర్ర ఆ జుట్టు కిందే ఉందని ఆ రేకుముక్కకు ఎవరూ నేర్పలేదు.

"క్లయింట్లు వచ్చే చోటమ్మా, కాస్త పద్ధతిగా ఉండాలి. ఇంకోసారి గేటు ఆపిందంటే నేనేం చెయ్యలేను," అన్నాడు సిబ్బంది వ్యవహారాలు చూసే పాండురంగం.

హైమ మూడు రోజులు సెలవు పెట్టి తిరుమల వెళ్లి, నున్నటి గుండుతో తిరిగొచ్చింది.

గేటు నూటికి నూరు వేసింది. ఆ నెల ఉత్తమ ఉద్యోగిగా ఆమె ఫొటో లాబీలో వెలిగింది. పాండురంగం పరుగున వచ్చాడు.

"ఇప్పుడెంత నీట్‌గా ఉన్నారమ్మా. ఏదైనా కోరిక తీరి మొక్కు చెల్లించారా?"

"కోరిక ఇంకా తీరలేదండీ. మొక్కు మాత్రం ముందే చెల్లించేశాను."

"మంచిది, మంచిది. ఇంతకీ ఏం కోరుకున్నారు?"

హైమ గుండు మీది గంధాన్ని నెమ్మదిగా సవరించుకుంది.

"ఈ గేటు మీద పిడుగు పడాలని."